నారుమడి గట్టున పెట్టిన మంట

మొన్న మచ్చ బొల్లారంలో మా వీధికి వరసగా నాలుగు రోజులు నీళ్లు రాలేదు. ట్యాంకర్లూ దొరక్క, ఎవరు ఎవరిని బతిమాలారో గానీ, ఒక ఎర్రటి ఫైరింజను వచ్చి మా గుమ్మం ముందు నిలబడింది. వీధి వీధంతా బకెట్లతో దిగి నేను ముందంటే నేను ముందని తోసుకుంటుంటే, తొంభై దాటిన నేను కుర్చీలో కూర్చుని నవ్వుకుంటున్నాను. నవ్వెందుకని మనవరాలు విసుక్కుంది. మంటలార్పే బండి నీళ్లు పోయడం దానికి వింత, నాకు కాదు. నా ఈడు వాళ్లు ఎవరైనా మిగిలి ఇది చదువుతుంటే, జర్మనీ యుద్ధం నాటి ఆ వానల్లేని యేడు మీకూ గుర్తుండే ఉంటుంది.

అప్పటికి నేను గౌడవెల్లికి కోడలిగా వచ్చి ఏడాది కాలేదు. మామ లేడు, మా ఇంటాయన బండి కట్టుకుని బాడుగలకు పోతే వారాల తరబడి ఇంటి మొహం చూడడు, కాబట్టి ఇల్లూ పొలమూ మా అత్త చేతి మీదే నడిచేవి. ఆమెకు మాట తక్కువ, చూపు ఎక్కువ. మృగశిర కార్తెకు ముందు ఆమె బౌరంపేట్‌లో తమ్ముడింటికి పోయిన మర్నాడే దబదబా వాన కొట్టింది. పనిమంతురాలిననిపించుకోవాలని నాకు ఒకటే ఆత్రం. గంపలో ఉన్న విత్తనపు వడ్లన్నీ నానబోసి, మండె కట్టి, మొలకలు రాగానే నారుమడిలో చల్లేశాను. మా వైపు ఎవరూ అలా చేయరు. తొలి వానకు సగమే నానబోసి, మిగతా సగం రెండో వాన దాకా దాస్తారు, ఇది ఎండినా అది ఉంటుందని. పుట్టింట్లో ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు, చెప్పినా ఆ వయసులో నా చెవికెక్కి ఉండదు లెండి.

అత్త తిరిగొచ్చి ఖాళీ గంప చూసింది. చీవాట్లు పడతాయని నేను తల వంచుకుని నిలబడ్డాను. ఆమె "పోసినవ్ గదా పిల్లా, ఇగ సాదు" అని, దాన్ని పెంచే భారం నా మీదే వేసి, కాళ్లు కడుక్కుని లోపలికి పోయింది. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత వాన మొహం చాటేసింది. బావిలో బురద మిగిలింది, నారు కొసలు పసుపెక్కాయి. ఎవరినైనా విత్తనం అడుగుదామంటే ఎవరి సగం వాళ్లకే ప్రాణం. ఆ నారు పోతే ఆ యేడు మా ఇంట వడ్లు లేవు, అది నా చేతుల మీదుగా పోయిందన్న మాట నా జన్మకు పోదు. ఊళ్లోని చేదబావి నుంచి కుండలతో మోసి మోసి నా నడుం విరిగిందే గానీ మడి మాత్రం తడిసీ తడవనట్టే ఉండేది.

మా నారుమడికి కేకేస్తే వినపడేంత దూరంలో, ఎప్పుడో రాళ్లు కొట్టి వదిలేసిన గుంత ఒకటుండేది. నీళ్లున్నాయి గానీ చుట్టూ నిలువు బండ, దిగి ముంచుకునే వీలూ మోట కట్టే వీలూ లేదు. బొల్లారం మిలిటరీ దండు నుంచి వారానికోసారి ఒక ఫైరింజను ఆ గుంత దగ్గరికి సాధనకు వచ్చేది. వాళ్లు నీళ్లు తోడి తాటిచెట్టెత్తు ఎగజిమ్మి మళ్లీ ఆ గుంతలోకే పోసేవాళ్లు. ఊరంతా నోరు తెరుచుకుని చూసేది, నేను మాత్రం చంకన ఖాళీ కుండతో ఎండుతున్న మా మడి వైపు చూసుకునేదాన్ని.

ఒక వారం అత్త, పక్క పొలం చిచ్చాను వెంటబెట్టుకుని వాళ్ల జమాదారు దగ్గరికి పోయింది. చిచ్చా అంటే మా ఇంటికి ఎంతో కావలసిన ముసలి సాయెబు, తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడేవాడు. ఎట్లాగూ పారబోసే నీళ్లే కదా, మా మడిలో పారబోస్తే ఏం పోతుందని అత్త ఆయనతో అడిగించింది. జమాదారు మంచివాడే. గుంత దాటి గొట్టం పరచాలంటే ఎక్కడో మంట ఉండాలనీ, తనకున్న హుకుం అదేననీ బాధపడుతూనే చెప్పాడట. అత్త దండం పెట్టి వచ్చేసింది.

మరుసటి వారం ఆమె తుమ్మ కంపా ఎండు చొప్పా తెచ్చి నారుమడి గట్టు మీద కుప్ప వేసింది. ఎందుకని అడిగితే చెప్పదు. దూరాన బండి గంట వినపడగానే పొయ్యిలోంచి తెచ్చి ఉంచుకున్న నిప్పుతో అంటించింది. చిచ్చా ఆ ముసలి కాళ్లతోనే పరుగెత్తి, మా పొలం కాలిపోతోందని ఉర్దూలో మొరపెట్టుకున్నాడు. జమాదారు పొగ వైపు చూశాడు, గట్టు మీద తీరిగ్గా నిలబడ్డ మా అత్త వైపు చూశాడు, మీసాల చాటున నవ్వుకుని విజిల్ ఊదాడు.

గుడ్డ గొట్టం చుట్ట విప్పి మా పొలం దాకా పరిచారు. ఎండకు ఎండిన గుడ్డ కదా, నీళ్లెక్కగానే పొడుగునా కారడం మొదలుపెట్టింది, ఆడవాళ్లు దాని కింద చెంబులూ కుండలూ పెట్టుకుని కూర్చున్నారు. మంట ఇట్టే ఆరిపోయింది. ఆ వెంటే గొట్టం కొసనున్న ఇత్తడి మూతిని మడి వైపు తిప్పారు. అయ్యో, ఏం చెప్పను, వానలా కురుస్తుందనుకున్న ధార, తగిలిన చోటల్లా నారును వేళ్లతో సహా పెకలించి బురదలోకి కొట్టేసింది. చూస్తుండగానే చాపంత మేర పోయింది. నాకు ఒళ్లు తెలియలేదు. కొంగు నడుముకు దోపి మడిలో దిగి ధారకు అడ్డంగా నిలబడ్డాను, ఆ దెబ్బకు పడ్డాను, లేచి మళ్లీ నిలబడ్డాను. కొత్త కోడలు పరాయి మగవాళ్ల ముందు గొంతెత్తడం ఊరు అప్పుడే చూసింది.

"నారును కొట్టొద్దు, తాపాలె. గా మూతి ఊడబీకి గొట్టాన్ని కాల్వల పండవెట్టుండ్రి."

చిచ్చా ఆ మాట ఉర్దూలో వాళ్లకు చేరవేశాడు. మూతి తీసి గొట్టాన్ని కాలువలో పడుకోబెట్టారు. అత్త పార తెచ్చి నా చేతికిచ్చింది. నేనే గట్టు మట్టి లాగి మడవ తెంపాను. బుడబుడమంటూ నీళ్లు మడిలోకి పారుతుంటే గట్టు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

తర్వాతి వారం కూడా అత్త ఇంత చొప్ప అంటించింది, జమాదారు ఎంతో గంభీరంగా దాన్ని ఆర్పించాడు. ఆపై వానలు పట్టుకున్నాయి. నాట్లకు వచ్చిన ఆడవాళ్లు, ఇంత ఎండలో ఈ నారు ఎట్లా నిలిచిందని అడిగితే, అత్త వంచిన నడుం ఎత్తకుండానే "మా కోడలు సాదింది" అంది. ఆ ఒక్క మాటకు నా గుండె నిండిపోయింది.

ఆ గుంత పూడ్చేసి ఇప్పుడు ఇళ్లు కట్టారు. మొన్నటిలాంటి రోజులు తప్పితే మీట నొక్కితే నీళ్లు, దుకాణానికి పోతే సంచిలో విత్తనాలు. సుఖమే, కాదనను, మా మనవరాలు కుండ మోయనక్కర్లేదంటే నాకంటే సంతోషించేవాళ్లు లేరు, దాని పిల్లలు ఇంకా సుఖపడాలి. కానీ ఒక ఏడాది తిండిని ఇంకొకరి చేతిలో పెట్టి నమ్మి పోవలసిన అవసరం ఇప్పుడెవరికీ రావడం లేదు, ఆ నమ్మకం దక్కితే ఎలా ఉంటుందో చెప్పినా వీళ్లకు తెలియదు. మరుసటి యేడు మృగశిరకు ముందు మా అత్త విత్తనాల గంప తెచ్చి నా ముందు పెట్టి, ఎంత నానబోయాలో ఒక్క మాటైనా చెప్పకుండా, తమ్ముడింటికి పోయింది.