మధిర టీమ్‌తో ఆఖరి మ్యాచ్

మొన్న ఇల్లెందు బస్సులో పక్క సీటాయన మోకాలికి నొప్పుల బామ్ రాసుకున్నాడు. ఆ ఘాటుకు అందరూ ముక్కు మూసుకుంటే నేను మాత్రం గట్టిగా పీల్చాను. ఒకప్పుడు మా ఫుట్‌బాల్ టీమంతా అదే వాసన. మ్యాచ్‌కు ముందు కోచ్ రాజలింగన్న అందరి మోకాళ్లకూ తానే రుద్దేవాడు. కోచ్ అనేది సాయంత్రాల సంగతి. ఆయన అసలు పని బొగ్గు బావిలో బ్లాస్టింగ్. ఎనిమిదో తరగతి నన్ను భరించలేక బయటికి పంపితే, వయసు రాగానే నేనూ ఆ బావిలోనే చేరాను. నా కాళ్లకంటే నోరు ముందు పరుగెత్తుతుందని గ్రౌండ్‌లో మొదటి రోజే కనిపెట్టాడు. "నువ్వు గోల్‌ల నిలబడు తమ్మీ. ఆడికెళ్లి అందర్ని తిట్టచ్చు, ఉరికే పని లేదు," అన్నాడు.

రెండు వేల సంవత్సరం దాటిన ఐదారేళ్లకు ఒక సీజన్‌లో జిల్లా లీగ్‌లో అందరికంటే అడుగున పడ్డాం. బావిలో బొగ్గు అయిపోవచ్చింది. మనుషుల్ని వేరే బావులకు పంపుతున్నారు. మ్యాచ్ మ్యాచ్‌కూ ఒకడు తగ్గేవాడు. మిగిలినవాళ్లం షిఫ్ట్ దిగి, కళ్లంచున మసితోనే గ్రౌండ్‌కు వచ్చేవాళ్లం. ఆఖరి మ్యాచ్ మధిర టీమ్‌తో. డ్రా చేసుకుంటే లీగ్‌లో ఉంటాం, ఓడితే టీమే ఉండదు.

ఆట ముగిసే వేళకు ఎవరికీ గోల్ లేదు. "చాలు, గిట్లనే కానియ్యిన్రి," అని గీత బయట రాజలింగన్న మాకే దండం పెడుతున్నాడు. మధిర వాళ్లు బంతితో మీదికి వస్తుండగా చూసేవాళ్లలో ఎవడో విజిల్ ఊదాడు. బావిలో బ్లాస్టింగ్‌కు ముందు రాజలింగన్న విజిల్ ఊదితే చేతిలో పని అక్కడే వదిలి పక్కకు పోవాలి. రాజలింగన్న దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన మా డిఫెండర్లు సారయ్య, కొమురయ్య బంతికి వీపు తిప్పి గీత దాటిపోయారు. ఊదింది రెఫరీ కాదు. బంతి నన్ను దాటి గోల్‌లోకి పోయింది.

"పోన్రి, పోన్రి. మధిర దాంక పోయి రైలెక్కున్రి," అని నేను మొదలుపెట్టాను.

"నువ్వాగు," అన్నాడు రాజలింగన్న.

సారయ్య తల ఎత్తలేదు. "చెవుల వడంగనే కాళ్లు పోయినయే అన్నా."

రాజలింగన్న గడ్డిలో కూలబడ్డాడు. "పోవాలె. గట్లనే పోవాలె," అన్నాడు. "నేను ఊదిన రోజు మీరు ఆలోచన చేసుకుంట నిలబడితే, మీ ఇండ్లకు చెప్పనీకి నేనే గద పోవాల్సింది."

ఆ తర్వాత టీమ్ లేదు, కొన్నాళ్లకు బావీ లేదు. ఎవరి ట్రాన్స్‌ఫర్ వాళ్లది. నా నోరు మాత్రం అలాగే ఉంది. ఎవరినో ఒకరిని ఆటపట్టించకుండా పూట గడవదు. కానీ నాతో పనిచేసేవాడు ఉన్నట్టుండి పని వదిలి పక్కకు జరిగితే నవ్వు రాదు. ముందు నేనూ జరుగుతాను. ఎందుకని తర్వాత అడుగుతాను.