రెండక్షరాల ఖాళీ

మా ఆసుపత్రి రికార్డుల గదిలో ఆమెను అందరం చీపురక్క అంటాం. పేరు పెట్టింది నేనే. ఏ మాట ఏ రోగి ఫైల్లో ఉందో వెతికిపెట్టే ఇండెక్స్‌ను ఊడ్చి శుభ్రం చేయడం ఆమె పని.

ఒక ఫైలును డిలీట్ చేస్తే ఫైలు పోతుంది గానీ, ఇండెక్స్‌లో దాని మాటలు మిగిలే ఉంటాయి. కంప్యూటర్ ఆ ఫైలు నంబరును విడిగా రాసుకుని, ఎవరు వెతికినా కనబడకుండా దాచేస్తుంది. ఊడ్చినప్పుడే మాటలు నిజంగా పోతాయి. నెలకోసారి ఊడ్చే చీపురక్క ఈసారి మూడు నెలలైనా ఆ పని ముట్టలేదు. సెర్చ్ నత్తనడక నడుస్తోందని మేనేజరు మా ప్రాణాలు తోడేస్తున్నాడు.

"ఏంటక్కా, సమ్మె చేస్తున్నావా?" అన్నాను ఒక మధ్యాహ్నం.

స్క్రీన్ నా వైపు తిప్పింది. "మా తమ్ముడు" అంది.

తమ్ముడు మా ఆసుపత్రిలోనే పోయాడు. ఆ రోజు పై వార్డు నుంచి మూడుసార్లు ఫోన్ చేశాడు. పని మధ్యలో ఉండి ఈమె ఎత్తలేదు. అతని చివరి మాటల్ని నర్సు ఫైల్లో రాసింది. అది తెరిచి చదివే ధైర్యం ఈమెకు ఐదేళ్లూ చాలలేదు. మూడు నెలల కిందట, ఐదేళ్లు దాటిన ఫైళ్లు ఉంచకూడదన్న రూలు ప్రకారం దాన్ని కాపీలతో సహా తీసేశారు.

ఏ మాట ఏ ఫైల్లో ఎన్నో అక్షరం దగ్గరుందో ఇండెక్స్‌లో రాసి ఉంటుంది. తమ్ముడి ఫైలు నంబరున్న మాటలన్నీ ఏరి, ఆమె వరుసగా పేర్చింది.

‘మూడుసార్లు ఫోన్ చేశాడు ఇందులో అక్క తప్పు        అన్నాడు నీళ్లు తాగి పడుకున్నాడు’

"మధ్యలో ఆ ఖాళీ ఏంటి?"

"రెండక్షరాలు. అన్ని ఫైళ్లలోనూ వచ్చే చిన్న మాటలు ఇండెక్స్‌లోకి ఎక్కించొద్దని అప్పట్లో నేనే జాబితా రాశా, చోటు కలిసొస్తుందని. ‘ఉంది’, ‘లేదు’ రెండూ అందులోనే ఉన్నాయి."

"‘లేదు’ అనే ఉంటుందక్కా."

"నువ్వు విన్నావా?"

ఆమె ఖాళీలో ‘ఉంది’ అని కొట్టింది. సరిగ్గా పట్టింది. చెరిపి ‘లేదు’ అని కొట్టింది. అదీ సరిగ్గా పట్టింది.

"అయిందామ్మా?" అన్నాడు మేనేజరు గుమ్మంలోంచి.

"అయిపోతుంది సార్."

జాబితాలోంచి ఆ రెండు మాటలూ తీసేసింది. అలా మారిస్తే, ఇప్పుడున్న ఫైళ్లతో ఇండెక్స్‌ను మొదటినుంచి కట్టాలి. లేని ఫైలు మాటలు అందులోకి రావు. అన్నీ తెలిసే బటన్ నొక్కింది. "ఇంకెవరికీ ఇలా కాకూడదురా" అంది. నాకు ఏడుపొచ్చింది.

ఆ రోజునుంచి ఆమెను చీపురక్క అనడం మానేశాను. ఇప్పుడు రోజూ పొద్దున రాగానే ‘లేదు’ అని వెతుకుతుంది. వేలకొద్దీ ఫైళ్లు వస్తాయి. జ్వరం లేదు, ఆకలి లేదు, నిద్ర లేదు. తమ్ముడి ఫైలు రాదని తెలిసీ, ఆఖరి పేజీ దాకా చూస్తుంది.