చదవకుండా చించిన తంతి

మా ఇళ్లలో చావు కబురు తెచ్చిన కాగితాన్ని లోపల ఉంచరు. వాకిట్లోనే చదివి, అక్కడే చించి పారేసి, తలమీద నీళ్లు పోసుకుని గడప దాటాలి. ఆ రోజుల్లో మా ఊరికి తంతి వచ్చిందంటే అది చావు కబురే. పెళ్లికీ పురుటికీ కార్డు ముక్క చాలు, తంతికి డబ్బు పోసేదెవరు? తంతి జవాను సైకిలు ఏ వీధిలోకి మళ్లితే ఆ వీధి ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు.

నేను చేసినదానికి ఈ అలవాటు మీద నెపం పెట్టను. అలవాటు ఎవరి చెయ్యీ పట్టుకుని చింపించదు.

మాది కోటబొమ్మాళికి రెండు కోసుల దూరంలో వ్యవసాయం ఇల్లు. నేను పెద్దకోడలిని. తాళాలు నా మొలకే ఉండేవి. మూడో తరగతి దాకా చదివాను కాబట్టి తెలుగు ఉత్తరాలు ఇంట్లో నేనే చదివేదాన్ని. మా మరిది ఓడలో పనివాడు, ఇంజను గదిలో నూనె పోసేవాడు. అతని పెళ్లాం ఎచ్చెర్ల వైపు పిల్ల, పద్దెనిమిదేళ్లది. కాపురానికొచ్చి రెండేళ్లయినా మొగుడితో ఉన్నది రెండు నెలలు కూడా కాదు. నెమ్మదైన పిల్లే, నన్ను అక్క వరసన అప్పా అని పిలిచేది. దీపం వత్తి పెద్దది చేస్తుందని, కుండలో గంజి పారబోస్తుందని నేనే తిడుతూ ఉండేదాన్ని.

ఆ ఏడాది అరబ్బుల దేశాల్లో యుద్ధం వచ్చి ఓడలు నడిచే కాలువ మూతపడింది. మరిది ఓడ ఇంగ్లండు రేవులోనే నిలిచిపోయింది. పని లేనివాళ్లకు తిండి దండగనుకున్నారేమో, కంపెనీవాళ్లు కొందరిని విమానాల మీద ఇళ్లకు పంపించేశారు. ఫలానా రోజున ఎక్కుతున్నాను, మర్నాటికి బొంబాయి, అక్కణ్ణుంచి మూడు రోజుల్లో ఇల్లు అని మరిది ఉత్తరం రాశాడు. చదివి వినిపించింది నేనే. ఆ పిల్ల ఆ పూట ఇల్లు రెండుసార్లు అలికింది.

చెప్పిన రోజు దాటింది. వారం దాటింది. తరవాత మరిదితో పాటు ఓడలో చేసిన పక్క ఊరివాడు బొంబాయి నుంచి ఉత్తరం రాశాడు. అతన్ని వేరే విమానంలో పంపారట, సరిగానే వచ్చి దిగాడట. మరిది ఎక్కిన విమానం మాత్రం బొంబాయి రాలేదట. ఆఫీసుకెళ్లి అడిగితే జాబితాలో మీవాడి పేరు లేదన్నారట. మేం విమానం మొహం ఎరగం. పైకి వెళ్లింది కిందికి రాకపోతే ఏమైనట్టు? మా అత్త ఆ రోజే అన్నం మానేసింది.

మరో రెండు రోజులకు తంతి వచ్చింది. అప్పుడు ఉభాలు జరుగుతున్నాయి. నాట్లకు మనుషులు దొరకడమే కష్టం, మా అత్తతో సహా ఇల్లంతా పొలంలో ఉంది. ఇంటిదగ్గర నేనూ ఆ పిల్లా కూలీలకు అంబలి కాస్తున్నాం. జవాను కొత్తవాడు. నాచేత సంతకం పెట్టించుకుని వెనక్కి చూడకుండా పోయాడు. విప్పితే అన్నీ ఇంగ్లీషు అక్షరాలు. చింపబోతుంటే ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

"అప్పా, సింపీకు. కోటబొమ్మాళి మేష్టరికి సూపిద్దుము. నాను పట్టుకెల్తాను."

"సచ్చినోడి కాగితం పట్టుకుని ఊళ్లెంట తిరుగుతావేటి? పొలానికి అంబలి ఎవలు మోస్తారు?"

"అందులో ఏటి రాసుందో నీకు తెలుసా?"

"తంతిలో ఏటుంటాదో సదవాలేటి?"

చించేశాను. నాలుగు ముక్కలు చేసి వాకిట్లో కాలవలో వేశాను. ఆ పిల్ల వంగి ఒక ముక్క అందుకోబోతే రెక్క పట్టి లేవదీసి నూతి దగ్గరికి తోలుకుపోయాను. ఇద్దరి తలలమీదా నీళ్లు గుమ్మరించాను. తరవాత పొలానికి కబురు పంపించాను. అంబలి కూడా పంపించాను, కాచింది పారబొయ్యలేను కదా.

మా ఇంటాయన పొలం నుంచి వచ్చి తంతి ఎవరు చదివారని అడిగారు. జవాను చదివి చెప్పాడన్నాను. నలుగురిలో పెత్తనం చేసేదాన్ని, చదవకుండా చించానని చెప్పుకోవడం చిన్నతనమనిపించింది. ఆ పిల్ల విన్నది. బావగారి ఎదుట నోరెత్తే ఆచారం మా ఇళ్లలో లేదు. ఎత్తినా నా మాట కాదని దాని మాట వినేవాళ్లూ లేరు. పంతులుగారు కూడా తంతి వచ్చిందా అని ఒక్కటే అడిగారు. వచ్చిందన్నాను. దర్భలతో మనిషిని చేసి దహనం చేశారు. పదోనాడు చెరువుగట్టున ఆ పిల్ల గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపి, పుస్తెలు తీశారు. రాయి పట్టుకున్నది మా వీధి ముసలమ్మ. చెయ్యి కదలకుండా పట్టుకున్నది నేను.

పన్నెండో రోజు భోజనాలు అయిన నాలుగో నాటి ఉదయం మరిది వచ్చాడు. రేకుపెట్టె భుజాన పెట్టుకుని వీధిలో నడిచి వస్తుంటే పిల్లలు అరుచుకుంటూ పరుగెత్తారు. పిండాలు పెట్టిన మనిషి గడప దాటకూడదు. పంతులుగారు వచ్చేదాకా పశువుల సాలలో కూర్చోమన్నాం. అక్కడే విస్తరి వేశాం.

తింటూ తన కథ చెప్పాడు. వాళ్ల విమానం వచ్చే దారి కింద యుద్ధమట, రోము అనే ఊళ్లో దింపేశారట. ఈరోజు, రేపు అంటూ వారం రోజులు బల్లల మీద పడుకోబెట్టారట. తరవాత ఎక్కడ చోటుంటే అక్కడికి మనుషులను విడగొట్టి పంపారట. ఇతన్ని ఆఫ్రికా మీదుగా తిప్పారు. అందుకే బొంబాయి జాబితాలో పేరు లేదు. నైరోబీలో ఇంజను చెడి మూడు రోజులు ఆగారు. బొంబాయిలో దిగాక, ఆఫ్రికా నుంచి వచ్చావు, పచ్చజ్వరం టీకా కాగితం లేదు అని తొమ్మిది రోజులు కంచె వేసిన ఇంట్లో ఉంచేశారు. ఇక్కడ అతనికి పిండాలు పెడుతున్న రోజున అతను బొంబాయిలో సర్కారు వారి రొట్టె తింటున్నాడు. నైరోబీలో విమానం ఆఫీసు అమ్మాయి చేత తంతి రాయించి ఇచ్చాడట. క్షేమంగా ఉన్నాను, ఆలస్యమవుతుంది అని. ఒకటి ఇచ్చాను కదా అని బొంబాయి నుంచి మళ్లీ ఇవ్వలేదట.

చెయ్యి కడుక్కుంటూ నన్ను అడిగాడు. "నాను బాగున్నాననే కదా ఇచ్చినాను వొదినా? మీకేటని వొచ్చింది?"

"సచ్చిపోనావనే వొచ్చింది. మధ్యలో ఎవలు తప్పు రాసినారో."

ఆ పిల్ల సాల తలుపు వెనక నిలబడి ఉంది. మొగుడు బతికొచ్చాడని తెలిసినా ఎదుటికి వచ్చే వీలు లేదు. నేను చెప్పింది మొత్తం విన్నది. ఇప్పుడు నోరు విప్పుతుందనుకున్నాను. విప్పలేదు. నేను నూతి దగ్గరికి వెళితే వెనకే వచ్చింది.

"నాను సెప్పనేదప్పా. ఇంక సెప్పను కూడా. నన్ను ఉంచమని నువ్వు అత్తకి ఒక్క మాట సెప్పు, సాలు."

సూద్దాంలే అన్నాను.

మధ్యాహ్నం పంతులుగారు వచ్చి దారి చెప్పారు. కర్మ జరిగినవాడు మళ్లీ పుట్టినట్టు లెక్క. పురిటి స్నానం చేయించి, పేరు పెట్టి, మళ్లీ పెళ్లి చెయ్యాలి. పెళ్లి ఆ భార్యతోనే చెయ్యొచ్చు, శాస్త్రం ఒప్పుకుంటుందన్నారు. మా అత్త ఒప్పుకోలేదు.

"బొట్టు సెరిపిన మొకానికి మల్లీ బొట్టేటి? దాని మెడలో తాడు నిలవనేదు, నా కొడుకు నిలిసినాడు. ఆడికి సెయ్యడానికి నా అన్న మనవరాలు ఉన్నాది."

మా ఇంటాయన తేల్చలేక నావైపు చూశారు. ఇంట్లో ఏ బేరమైనా చివరికి నా మాట మీదే తెగేది. నేను ఊఁ అంటే ఆ పిల్లకు ఆ సాయంత్రమే పసుపు రాసేవారు. మరిది కూడా అమ్మ, వొదిన ఏటంటే అదేనని తల వంచుకున్నాడు.

అది ఈ ఇంట్లోనే ఉంటే రోజూ నా ఎదురుగా తిరుగుతుంది. నా చేత అన్నం పెట్టించుకుంటుంది, నేను తిడితే పడుతుంది, కానీ దానికి తెలుసు. ఏదో ఒకనాడు మొగుడి పక్కన పడుకున్నప్పుడు చెబుతుంది. చెప్పకపోయినా చెబుతుందని నేను చచ్చేదాకా భయపడాలి. నాకు కనిపించింది అంతే. దాని వయసు గానీ, నా చేతిలో విరిగిన దాని గాజులు గానీ అప్పుడు గుర్తు రాలేదు. వచ్చాయని ఇప్పుడు రాస్తే అబద్ధం.

"అత్త సెప్పిందే నాయం. పిల్లని ఆల ఇంటికి పంపీండి."

మరునాడు దాని తండ్రి కోటబొమ్మాళిలో రైలు దిగి నడిచి వచ్చాడు. అల్లుణ్ణి ఒకసారి చూసిపోతానని మాత్రం అడిగాడు. స్నానం కాలేదు, ఇంకా మైల అని మా అత్త చూడనివ్వలేదు. ఆ పిల్ల రెండు చీరలు మూట కట్టుకుంది. కాపురానికి తెచ్చుకున్న ఇత్తడి చెంబు పట్టుకెళతానంటే అది ఇంటి సామాన్లలో కలిసిపోయిందని నేను ఇవ్వలేదు. నావైపు చూసింది, అడగడం మానేసింది.

వీధి అరుగు మీద మరిదికి పురిటి స్నానానికి నీళ్లు పెడుతున్నారు. అంతటి శుభకార్యానికి బొట్టులేని ఆడది ఎదురురాకూడదని మా అత్త కేకేసింది. పెరటి దోవన పంపమంది. నేనే పెరటి తలుపు తీశాను. తండ్రీ కూతుళ్లు పేడకుప్ప పక్కనుంచి, నాట్లేసిన మళ్ల గట్టు మీదుగా వెళ్లారు. అక్కడి నుంచి అరుగు కనబడుతుంది. ఆ పిల్ల గట్టు మీద ఆగి వెనక్కి తిరిగింది.

నేను తలుపు వేసి గడియ పెట్టాను. నీళ్లు చల్లారిపోతున్నాయని ముందు నుంచి పిలుస్తున్నారు.