రేవులో బ్రష్షక్క

జలాశయం రేవులో పడవలు తనిఖీ చేసే ఆవిడను అందరూ బ్రష్షక్క అంటారు. పడవ నీళ్లలోకి దిగేముందు ఆవిడ మోకాళ్ల మీద వంగి, అడుగుభాగమంతా అరచేత్తో తడుముతుంది. ఇంజను రెక్కల సందుల్లో పాత పళ్ల బ్రష్షు పెట్టి గీకుతుంది. గుర్రపుడెక్క తునక చిటికెన వేలంత దొరికినా బక్కెట్లో వేసి, ఎండలో కరకరలాడేదాకా మాడుస్తుంది. అలాంటి తునక ఒక్కటి చేరినందుకే దిగువ చెరువు పచ్చగా మూసుకుపోయింది. ఇప్పుడక్కడ వల వేసే చోటే లేదు. ఈ మాట రోజుకు పదిసార్లు చెప్పీ చెప్పీ ఆవిడ గొంతు బొంగురుపోయింది.

ఆదివారం పొద్దున సొంత తమ్ముడే ఆ చెరువు నుంచి తన పడవను బండి మీద తెచ్చాడు. వెంట ఆరుగురు ప్రయాణికులున్నారు.

"అక్కా, ఈ ఒక్కసారికి వదిలెయ్. ఆలస్యమైతే వీళ్లు వెళ్లిపోతారు."

"కడిగాకే దించు."

"నీకు తమ్ముడికంటే పిచ్చిమొక్క ఎక్కువైందా?"

"ఆ పిచ్చిమొక్కే కదరా నీ చెరువు మింగి, నిన్నిక్కడికి తరిమింది!" అంటూ ఆవిడ రెక్కల సందులోంచి వేరుతో సహా ఒక మొలకను లాగి అతని ముఖం ముందు పెట్టింది. తమ్ముడు నీళ్ల పైపు అందుకున్నాడు.

ఆవిడ వెనక్కి తిరిగేసరికి, ఈ గొడవలో ఎవరూ చూడకుండా మరో రెండు పడవలు నీళ్లలోకి దిగి చాలా దూరం వెళ్లిపోయాయి. "ఆగండి! వెనక్కి రండి!" అని రెండు చేతులూ ఊపుతూ అరిచింది. పడవల్లోని వాళ్లు నవ్వుతూ ఆవిడకు తిరిగి చేతులూపారు.