కరీమున్ అక్క తాలు ఏరితే

ఎదుటి మనిషి నాలుగో మాట అనేలోపే "తాలు!" అని అడ్డుపడడం కరీమున్ అక్కకు అలవాటు. మర్యాదకు అలవాటు అంటున్నాను గానీ, అది ఆవిడకు ఊపిరి.

కల్లంలో ఎర్రటి మిరపకాయల మధ్య రంగు పోయి తెల్లబారిన కాయను మా సత్తెనపల్లిలో తాలు అంటాం. ముప్పై ఏళ్లు కల్లాల్లో కూర్చుని వాటిని ఏరి పారేసింది అక్క. ఘాటుకు దగ్గు పట్టుకుంటే డాక్టరు మానమన్నాడు. కాయలు మానేసింది గానీ ఏరడం మానలేదు. రెండేళ్ల కిందట పింఛను జాబితాలో పేరు చూసుకోవడానికి నా ఇంటర్నెట్ సెంటరుకు వచ్చింది. ఫ్యాను కింద కుర్చీ నచ్చింది. ఇక లేవలేదు.

నాకు మొదటి పాఠం ఆ రోజే. వెబ్‌సైటులో వెతికే గడి ఉంటుంది కదా, అందులో "సత్తెనపల్లి మండలంలో కొత్తగా మంజూరైన వృద్ధాప్య పింఛనుదారుల పేర్లు ఎక్కడ చూడాలి" అని శ్రద్ధగా టైపు చేశాను. ఏమీ దొరకలేదని వచ్చింది.

"ఏరా ప్రసన్నా, దానికి ఉత్తరం రాస్తన్నావా?" అంది అక్క. "ఎక్కడ చూడాలి, తాలు. కొత్తగా మంజూరైన, అదీ తాలే. ఊరి పేరు, పింఛను. అంతే కొట్టు."

కొట్టాను. జాబితాలో మూడో వరసలో షేక్ కరీమున్! నేను కుర్చీలోంచి గంతేశాను.

"గంతులు తాలు. ప్రింటు తియ్యి" అంది.

నా పెళ్లిచూపులకు ఆవిణ్ణి పెద్దమనిషిగా తీసుకెళ్లడం నేను చేసిన సాహసం. అమ్మాయి మేనమామ వాళ్ల వంశచరిత్ర మొదలుపెట్టి రెండో తాత దగ్గరకు వచ్చాడో లేదో, "తాలు!" అని వినపడింది. నాకు చెమటలు పట్టాయి. అక్క అమ్మాయి వైపు తిరిగి, "వీడు నచ్చాడామ్మా?" అంది. అమ్మాయి తలూపింది. సంబంధం కుదిరిపోయింది, కాఫీలు ఇంకా రాలేదు!

ఆవిడ తప్పు చెయ్యదని కాదు. జాన్ బాషా పాత ట్రాక్టరుకు వెనక టైరు కావాలని వస్తే, ఏరి ఏరి "టైరు" ఒక్కటే మిగిల్చింది. నలభై వేల టైర్లు వచ్చాయి, పసిపిల్లల సైకిలు టైర్లతో సహా. సాయంత్రం దాకా చూసి బాషా కళ్లు ఎర్రబడ్డాయి. "తాలుతోపాటు కాయ కూడా పారేశాన్రా" అని ఒప్పుకుంది అక్క. మర్నాటి నుంచి వస్తువుకు గుర్తు చెప్పే మాట ఒకటి తప్పకుండా ఉంచేది.

ఇక అసలు సంగతి. మొన్న జూలైలో, సాయంత్రం నాలుగున్నరకు, సెంటరు నిండా జనం ఉండగా ఎలీసమ్మ పరుగున వచ్చింది. పత్తి చేలకు కూలికి వెళ్లే మనిషి. చంకలో ఫైలు.

"బాబూ, మా పిల్ల ఫెబాకి నర్సింగు సీటొచ్చింది. ఐదింటికల్లా కాగితాలు ఎక్కించకపోతే సీటు పోద్దంట. తండ్రి సంతకం అడుగుతున్నారు. లేనోళ్లకి వేరే కాగితం ఉందంట, సైటులోనే. మా ఆయనేమో నాలుగేళ్ల కిందట..."

"తాలు!" అంది అక్క.

నాకు ఒళ్లు మండింది. పాపం, ఆ మనిషి కంగారేమిటి, ఈవిడ గోలేమిటి! కాలేజీ సైటు తెరిచి, ఇంగ్లీషులో "తండ్రి లేని విద్యార్థినికి సంతకం బదులు ఇవ్వవలసిన ఫారం" అని కొట్టాను. సున్నా. గడియారం నాలుగూ ముప్పై ఎనిమిది.

"ఆయన పోయారా అమ్మా, వదిలేసి వెళ్లారా? ఎవరితోనైనా..." అని అడిగాను, సరైన మాట దొరుకుతుందేమోనని. క్యూలో ఉన్న పదకొండు మందీ మెడలు ముందుకు చాచారు. ఎలీసమ్మ తల దించుకుంది.

"నోరు ముయ్యరా!" అక్క కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చింది. "మన ఏడుపు పేరు ఆఫీసోళ్లు కాగితానికి పెడతారా? ఆ కాగితం నెత్తిన వాళ్లేం రాసుకుంటారో అది కొట్టు. తండ్రిని తీసెయ్. పిల్లకి సంతకం పెట్టేదెంతమంది?"

"ఒక్కరే" అన్నాను.

"అది కొట్టు మరి!"

నా బుర్రలో లైటు వెలిగింది. "సింగిల్ పేరెంట్" అని కొట్టాను. మూడు వందల పన్నెండు వచ్చాయి, అన్నీ పాత నోటీసులు.

"పోయినేటి సరుకంతా పక్కన పెట్టు!"

ఈ ఏడాదివి మాత్రమే చూపించమన్నాను. నాలుగు మిగిలాయి. రెండోదే మా కాగితం! క్యూ మొత్తం చప్పట్లు కొట్టింది. ఎలీసమ్మ సంతకం చేసింది, నేను స్కాన్ చేశాను, సరిగ్గా నాలుగూ యాభై ఆరుకు ఎక్కింది. అందినట్టు తెర మీద పచ్చటి గుర్తు పడింది. ఈసారి గంతేస్తే అక్క ఏమీ అనలేదు.

జనం వెళ్లాక అడిగాను. "అక్కా, పాపం ఆవిణ్ణి మాట పూర్తి చెయ్యనివ్వచ్చుగా?"

"కంప్యూటర్‌కే అక్కర్లేని మాట క్యూలో ఉన్నోళ్లకెందుకురా?"

పింఛను కోసం వచ్చి కొడుకు గెంటేశాడని చెప్పబోయిన పానకాలు గారూ, ఆసుపత్రి కార్డుకు వచ్చి రోగం పేరు చెప్పబోయిన సాయిలక్ష్మీ గుర్తొచ్చారు. రెండేళ్లుగా అక్క నా ఎదురుగా కూర్చుని ఏరుతున్నది ఆ మాటలేనని నాకిప్పుడు తెలిసింది. నా మీద నాకే సిగ్గేసింది.

సెంటరు మూసి, అక్కకు టీ తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. అరుగు మీద ఎలీసమ్మ కూర్చుని ఉంది. పెళ్లి నాటి నుంచి మొదలుపెట్టి, ఆయన తాగుడు, అత్తగారి మాటలు, తను ఏ చీర కట్టుకున్న రోజున ఆయన వెళ్లిపోయాడో కూడా చెబుతోంది. అక్క ఆమె చెయ్యి పట్టుకుని వింటోంది. గుమ్మం పక్కనే పావుగంట నిలబడ్డాను. ఒక్క తాలు లేదు!

"అక్కా, టీ తెచ్చా, అల్లం వేయించా, చక్కెర కాస్త తక్కువ..."

"తాలు!" అంది అక్క, నా వైపు చూడకుండానే. "అక్కడ పెట్టి పో."