ఏసీ ముందు చేట
కొత్త ఏసీ పెట్టించిన రోజే మా ఇంట్లో గొడవ మొదలైంది. దాని ఫ్యాన్ ఆటోలో ఉండాలని మా ఆయన, హైలోనే ఉండాలని నేను. రిమోట్ కోసం ఇద్దరం గుంజుకుంటుంటే, ధన్నూర నుంచి కొత్త కందుల సంచితో వచ్చిన అత్తమ్మకు ఒళ్లు మండింది. నేల మీద దుప్పటి పరిచి, చేట పట్టుకుని, స్టూలెక్కి ఏసీ ముందు కందులు తూర్పారబట్టింది. ఆటోలో పొట్టు ఆమె కాళ్ల దగ్గరే రాలింది. హైలో పెట్టగానే ఎగిరిపోయి మా ఆయన నెత్తి మీద వాలింది.

"గాలంటే గిట్లుండాలె! కోడలే గెల్చింది," అంది.

నేను పొంగిపోయాను. సంచి ఖాళీ అయ్యాక ఆమె స్టూలు దిగి, చేట దులిపి, నా వైపు చూసింది.

"కందులన్నీ అయిపాయె. ఇంకెందుకే గాలి? బంద్ చెయ్యి!"