మేడ మీద అడిగిన గ్లాసు

పుంగనూరులో నాకు కాఫీపొడి అంగడి ఉంది. మా ఆయన పోయాక గింజలు వేయించేదీ, పొడి కొట్టేదీ, చికోరీ కలిపేదీ అన్నీ నేనే. గింజ ఎర్రబడిందా, మాడుతోందా అన్నది నేను కంటితో చూడను. వాసనతో చెప్పేస్తాను. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. ముక్కు మాత్రం ఆగలేదు.

రెండేళ్ల కిందట కుప్పంలో మా అన్న రిటైరయ్యాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో భోజనాలు పెట్టాడు. ఆడవాళ్లమంతా కింద, మగవాళ్లు మేడ మీద షామియానాలో. మా ఇళ్లలో ఏ వేడుకైనా ఇదే ఏర్పాటు. మేడ మీద ఏం జరుగుతుందో కింద అందరికీ తెలుసు, ఎవరూ ఆ మాట ఎత్తరు. వేయించిన కోడిముక్కల పళ్లెం పైకి తీసుకెళ్లే పని ఆ రోజు నాకు పడింది.

అన్న స్నేహితుడొకాయన విదేశం నుంచి వస్తూ తెచ్చిన విస్కీ సీసా బల్ల మీద ఉంది. చాలా ఖరీదైనదని అప్పటికే రెండు మూడుసార్లు చెప్పినట్టున్నాడు, అందరూ గ్లాసులను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. దాని వాసన ఏమిటన్నది వాళ్ల వాదన. ఒకాయన తోలు అన్నాడు, ఇంకొకాయన కిరసనాయిలు అన్నాడు. పళ్లెం దించడానికి వంగినప్పుడు ఆ వాసన నాకూ తగిలింది.

"టించర్ అయోడిన్," అన్నాను. "దాంతోబాటు తడి కట్టెల పొగ. అడుగున కొంచెం ఉప్పు."

ఆ స్నేహితుడు సీసా వచ్చిన అట్టడబ్బా తిప్పి దాని మీది చిన్న అక్షరాలు చదివాడు. "పొగ, సముద్రపు ఉప్పు, మందుల వాసన అని రాసుండాదమ్మా. నీకెట్ల తెలిసె?"

"తాగి సూస్తే ఇంకా చెప్తా. నాకొక గ్లాసు ఇయ్యప్పా."

ముందే అనుకుని అన్న మాట కాదు అది. అనేశాక వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

"కిందికి పో మే," అన్నాడు అన్న.

నేను పోలేదు. స్నేహితుడు అన్న వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి గ్లాసులో కాస్త పోశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నిలబడి ఒక్క గుక్కలో మింగేసి పరిగెత్తడానికి నేనేం దొంగతనం చేయడం లేదు. మొదటి చుక్కకు నాలుక మొద్దుబారింది. రెండోసారి పొగ వెనక ముదురుపాకం తీపి తెలిసింది. ఆ తర్వాత గొంతులో మిరియాల ఘాటు చాలాసేపు నిలిచింది. తెలిసింది తెలిసినట్టు వాళ్లకు చెప్పాను. గ్లాసు పూర్తి చేసి కిందికి దిగాను.

మెట్ల దగ్గర అమ్మ ఉంది. మా నాయన సారా ప్యాకెట్లు తాగేవాడు. బి.కొత్తకోట దగ్గర మా ఊళ్లో ఆడవాళ్లంతా చీపుర్లు పట్టుకుని సారా అంగడి మూయించడానికి పోయినప్పుడు ముందు వరసలో నడిచింది అమ్మే. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. నేను దగ్గరికి రాగానే తెలిసిపోయింది.

"మీ నాయన వాసన నీ నోట్లో వస్తాండాది," అంది.

"నాయన తాగొచ్చి నిన్ను కొట్టె. నేను ఎవుర్ని కొట్టినానమ్మా? పైన అంతమంది తాగతా ఉండారే, వాళ్లను యాల అడగవు?"

"నా కొడుకును అడిగి అడిగి నోరు నొచ్చింది. నువ్వన్నా మిగిలినావనుకుంటి."

తప్పయిపోయిందని మాత్రం నేను అనలేదు. అమ్మ చేతిలోని గరిటె తీసుకుని పులుసు వడ్డించడానికి వెళ్లాను.

మూడో రోజు అన్న ఫోన్ చేశాడు. "నా స్నేహితుల ముందర మర్యాద తీసినావు. ఆ సీసా తెచ్చిన ఆయప్పకు ఫోన్ చేసి, ఏదో పొరపాటయిపోయిందని చెప్పు."

"పొరపాటు కాదు గదన్నా. అడిగి తాగినా."

అన్న ఫోన్ పెట్టేశాడు. ఆ వారంలోనే ఆయన కూతురు ఫోన్ చేసింది. ఆ పిల్ల బెంగళూరులో బిస్కెట్ల ఫ్యాక్టరీలో పని చేస్తుందని అన్న ఊరందరికీ చెప్పేవాడు. నేనూ నమ్మాను.

"అత్తా, విస్కీ వాసన చూసి చెప్పినావంట," అని నవ్వింది. తర్వాత గొంతు మారింది. "నేను చేసేది బిస్కెట్లు కాదత్తా. బీరు. నాయన ఎవురికీ చెప్పద్దన్నాడు."

నాకు నిజంగా కోపం వచ్చింది అప్పుడే. మేడ మీద కూర్చుని తాగే మనిషికి, కూతురు చేసే పని చెప్పడానికి నోరు రాలేదు.

ములబాగిలు మీదుగా బెంగళూరు బస్సెక్కి, ఆ బీరు తయారయ్యే చోటికి వెళ్లాను. ఆ పిల్ల మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వేసుకుని, ఇంటంత ఎత్తు స్టీలు డ్రమ్ముల మధ్య తిరుగుతోంది. ఉడికే బార్లీ వాసన సద్ది అంబలిలా ఉంది. అక్కడ నల్లటి బీరు ఒకటి ఇచ్చింది. మామూలు బీరు కన్నా రెండింతలు ఘాటని ముందే చెప్పింది. నురగ గోధుమ రంగులో ఉంది. మెల్లగా తాగాను. తాగి, నాకు తోచింది అన్నాను.

"దీంట్లో కాఫీ వేసినారు. గింజ మాడిపోయిండాది. బూడిద చేదు నాలిక మీద నిలుస్తాండాది సూడు."

మేనకోడలు తన పెద్దమేస్త్రీని పిలిచి నా మాట వినిపించింది. ఆయన ఇంకో గుక్క తాగి తల ఊపాడు. తిరిగి పుంగనూరు వచ్చి గింజలు మూడు రకాలుగా వేయించి బస్సులో పంపాను. రెండో రకం వాళ్లకు నచ్చింది. నెలన్నర తర్వాత మళ్లీ పిలిచారు. నా కాఫీ వేసిన బీరు గ్లాసులో పోసి ఇచ్చారు. చేదు ఉంది గానీ వెంటనే కరిగిపోయింది. పిల్ల బూట్లతో, నేను గ్లాసుతో, డ్రమ్ముల ముందు ఫోటో దిగాం.

"మన చుట్టాల గ్రూపులో పెడతానత్తా. నీకేమన్నా ఇబ్బందా?" అని అడిగింది.

"గ్లాసు కనపడేటట్ల పెట్టు," అన్నాను.

ఇద్దరు గ్రూపులోంచి వెళ్లిపోయారు.

తర్వాత నెలలో మదనపల్లెలో దగ్గరి చుట్టాల పెళ్లి. భోజనాల బంతిలో అమ్మ, అన్న, నేను, మేనకోడలు వరసగా కూర్చున్నాం. ఎదుటి వరసలో ఒకామె అన్నను అడిగింది. "మీ పాప ఇంకా ఆ బిస్కెట్ల కంపెనీలోనే ఉండాదా?"

అన్న అన్నం కలుపుతూ ఉండిపోయాడు. పిల్ల తలెత్తింది. "నేను బీరు తయారు చేస్తానమ్మా. మొదట్నుంచీ అదే పని."

ఆమె నా వైపు తిరిగింది. "మీరు కూడా తాగతారంట. నిజమేనా?"

"నిజమే. బాగుంటే తాగతా. లేకుంటే పారబోస్తా."

అన్న సగంలో లేచి చేయి కడుక్కోవడానికి వెళ్లాడు. తిరిగి మా దగ్గరికి రాలేదు. అమ్మ తినడం ఆపలేదు. నాకు మాత్రమే వినపడేలా అంది. "మీ నాయన తూలతా వచ్చి కూడా తాగలేదనే చెప్పేవాడు. మీకు ఆ అబద్ధాలు లేవులే. కానీ నా ముందర తాగద్దు."

"నీ ముందర తాగనమ్మా."

ఆ మాట తప్పలేదు. ఆర్నెల్ల తర్వాత అన్న మాట్లాడటం మొదలుపెట్టాడు. వానల గురించి, మోకాళ్ల నొప్పి గురించి మాట్లాడతాడు. కూతురి పని మాట మాత్రం ఎత్తడు. ఆ పిల్ల ఇప్పుడు ఎవరడిగినా తనే చెబుతుంది. నేను నెలకొకసారి గింజలు పంపుతాను. బెంగళూరు వెళ్లినప్పుడు ఒక గ్లాసు తాగుతాను, ఎలా ఉందో చెబుతాను.

మా వీధిలో రెండు ఇళ్లవాళ్లు నా దగ్గర పొడి కొనడం మానేశారు. ఒకామె మాత్రం మొన్న మధ్యాహ్నం అంగడికి వచ్చి, పక్కన ఎవరైనా ఉన్నారేమోనని చూసి, ఆ బీరు ఎలా ఉంటుందని గొంతు తగ్గించి అడిగింది. నేను గొంతు తగ్గించకుండానే చెప్పాను.